ఆకుపచ్చ తెర మీద పెదనాయన ప్రాణం

ఇప్పుడంటే చంటిపిల్లల చేతుల్లో కూడా తెరలు వెలుగుతున్నాయి గానీ, ఆ కాలంలో మా నెల్లూరు కోస్తాలో తెర అంటే జనానికి తెలిసినవి రెండే. టూరింగ్ టాకీసులో గాలికి ఊగే తెల్లగుడ్డ ఒకటి, నాటకాలవాళ్ళు దించే రంగులగుడ్డ ఇంకొకటి. అరచేయంత గుండ్రంగా, నాచు పట్టిన నీళ్ళలా ఆకుపచ్చగా వెలిగే మూడోరకం తెర ఒకటుంటుందనీ, దాన్ని చూసి నిక్షేపంలాంటి మనిషి మంచం ఎక్కేస్తాడనీ ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నవ్వి ఉండేవాణ్ణి. (నవ్వడం నాకు అప్పట్లో బాగా అలవాటు. ఇంజనీరింగు ప్యాసైన కొత్త. లోకంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది సిలబస్‌లో లేనిదై ఉంటుందని గట్టి నమ్మకం.)

అరవైల నడిమి మాట. గూడూరుకూ సముద్రానికీ మధ్య కొత్తగా పెట్టిన ఒక పాలిటెక్నిక్‌లో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మీసాలు నాకంటే నా విద్యార్థులకే గుబురుగా ఉండేవి. మా ప్రిన్సిపాలుగారు మొదటిరోజే నన్ను పిలిచి, "సిగ్నల్స్ అని కొత్త పేపరొకటి పెట్టినారు. పాతవాళ్ళెవరూ ముట్టుకోం అన్నారు. మీరు చిన్నవారు, ఉత్సాహవంతులు" అని నా నెత్తిన పెట్టారు. ఆ ఉత్సాహంతోనే క్లాసుకు వెళ్ళి, నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసి, "సిగ్నల్ అంటే ఏమిటి?" అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో "రైలు సార్" అంది. బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి, రెక్క ఎప్పుడు వాలుతుందో, ఎప్పుడు లేస్తుందో, ఊరి బయట సిగ్నల్ దగ్గర గూడ్సుబండి ఎందుకు ఆగుతుందో సావకాశంగా వివరించాడు. గంట కొట్టేదాకా వివరించాడు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా చెప్పాడు. ఆ రోజు ఆ క్లాసులో ఎవరైనా ఏమైనా నేర్చుకున్నారంటే అది నేనే.

మర్నాటి నుంచి అసలు పాఠం మొదలుపెట్టాను. వెనకటికి ఒక ఫ్రెంచి పండితుడు ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. ఎంత వంకర టింకర అలనైనా సరే, నున్నగా లేచి పడే మామూలు అలలు కొన్నింటిని కలిపితే వచ్చిందే అనుకోవచ్చట. పెళ్ళిలో నాదస్వరమూ డోలూ కలిసి మోగుతుంటే గాలిలో అల ఒకటే, అయినా చెవి మాత్రం దేనికదే విడదీసి వింటుంది చూడండి, సిగ్నల్‌ని విడదీయడం కూడా అలాంటిదేనని చెప్పాను. మనకు కావలసినది సిగ్నల్, అక్కర్లేనిది రొద, రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి, వేరు చేయడమే మన పని అన్నాను. బల్లనిండా లెక్క రాసి, చేతుల సుద్ద దులుపుకుని, సందేహాలుంటే అడగమన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "అంత కష్టపడి కలిసినవాటిని మళ్ళీ విడగొట్టేది ఎందుకు సార్? కలిసుంటే మనకేం నష్టం?" అన్నాడు. వాడు తర్వాత మంచి వకీలయ్యాడని విన్నాను.

ఇట్లా నేను వాయిస్తుంటే వాళ్ళు భరిస్తూ ఉండగా, గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో ఆసిలోస్కోపు వచ్చింది. కంటికి కనపడని అలలను తెరమీద గీసి చూపే యంత్రం అది. నేను పరమానందభరితుణ్ణయ్యాను. మా ల్యాబ్ అటెండరు దానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు రవ్వంత దాని మీద కూడా చిలకరించబోతే గావుకేక పెట్టి ఆపాను. ఈ అటెండరును కాలేజీ మొత్తం మైకన్న అనేది. ఉద్యోగానికి ముందు ఆయన టూరింగ్ టాకీసు వాళ్ళ జట్కాబండి మీద కూర్చుని, రేకు గొట్టంలోంచి "నేడే చూడండి, మీ అభిమాన..." అని ఊరూరా అరిచేవాడు. సర్కారు కొలువులో చేరాక గొట్టం వదిలేశాడు గానీ గొంతు వదల్లేదు. "గంట కొట్టు" అని మెల్లగా చెప్తే, గంటకంటే ముందు ఆయనే మోగేవాడు.

ఆ యంత్రం నా బతుకును మార్చేసింది. దానికి మైకు తగిలించి ఈల వేయమంటే నున్నటి గుండ్రటి అల వచ్చేది. మైకన్నను పిలిచి పాత కేక ఒకటి వేయమంటే తాటిమట్ట అంచులా పళ్ళు పళ్ళుగా వచ్చేది. "చూడండి, ఈలలో ఒకే అల. మైకన్న గొంతులో వంద అలలు" అంటే కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు, మైకన్న దండం పెట్టాడు. ఆ ఊపులో నేను ఏదో సర్దుతూ, తీగ కొసన ఉన్న ఇత్తడి మొనను వేలితో ముట్టుకున్నాను. వెంటనే తెరమీద పెద్ద అల ఒకటి లేచి ఊగడం మొదలుపెట్టింది. వేలు తీస్తే పోయింది, పెడితే వచ్చింది. క్లాసు "ఆఁ" అంది. "ఏమీ లేదు. గోడల్లో కరెంటు తీగలున్నాయి కదా, అందులో కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంటుంది. మన ఒళ్ళు రేడియో ఏరియల్‌లా దాన్ని కాస్త పట్టుకుంటుంది. ఇది సిగ్నల్ కాదు, రొద" అని చెప్పి చాక్‌పీసు అందుకున్నాను. చెప్పవలసిందంతా చెప్పానని నా ఉద్దేశం. కానీ ఆ మాటలు చెప్పేటప్పుడు మైకన్న గంట కొట్టడానికి వెళ్ళాడు. ఆయన చూసిందల్లా ఒకటే: మనిషి ముట్టుకుంటే అల లేస్తోంది, వదిలేస్తే పడిపోతోంది.

దీని భావమేమిటో మైకన్నకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అది ప్రాణం. మధ్యాహ్నం అన్నాల వేళ నేను లేనప్పుడు ఆయన ల్యాబ్ తలుపు ఓరగా తీసి, తోటమాలికీ, క్యాంటీనాయనకూ, వాళ్ళ బంధువులకూ ఎవరి ప్రాణం వాళ్ళకు చూపించడం మొదలుపెట్టాడట. ఒక్క కాణీ పుచ్చుకునేవాడు కాదు. కేవలం లోకోపకారం. అందరికీ మంచి నిండైన అల వచ్చేది, అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. (గోడల్లోని కరెంటుకు మనుషుల మధ్య తేడా ఏముంటుంది?) ఊళ్ళో ఈ మాట పొక్కిందిగానీ నా చెవిన పడలేదు. నా చెవులు అప్పుడు ఫ్రెంచి పండితుడి దగ్గరున్నాయి.

ఇక పెదనాయన సంగతి చెప్పాలి. నేను అద్దెకుండిన ఇంటి యజమాని ఆయన. చిల్లకూరు వైపు మాగాణి ఉన్న పెద్ద రైతు. కాలేజీకి స్థలం ఇచ్చినవాడు కూడా ఆయనే, అందుకని మా ప్రిన్సిపాలుగారు ఆయన ఎదురైతే సైకిలు దిగేవారు. నాకు రక్తసంబంధం ఏమీ లేదు గానీ, వాళ్ళావిడ మొదటిరోజే నాకు సద్దన్నం పెట్టి "పెద్దమ్మా అను" అన్నది, అట్లా ఆయన పెదనాయన అయ్యాడు. మనిషి ఎడ్లబండి ఇరుసులా ఉండేవాడు. పాముకు భయం లేదు, తుపానుకు భయం లేదు. భయమల్లా ఒకటే, తన నాడి. పొద్దున లేవగానే అరుగు మీద కూర్చుని, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని కొంతసేపు వినేవాడు. "ఏందో అబ్బయా, ఈ పొద్దు కప్ప మాదిరి ఎగరతా ఉంది" అనేవాడు. "రాత్రి ఎగరేసిన సంగటి ముద్దలు యాడికి పోతాయి?" అనేది పెద్దమ్మ లోపల్నుంచి.

అట్లాంటి మనిషి చెవిన ఈ ప్రాణం చూపించే మిషను సంగతి పడింది. నేను రేడియో వాల్వుల కోసం నెల్లూరు వెళ్ళిన రోజు చూసి, ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, కొత్త కండువా వేసుకుని కాలేజీకి వచ్చాడు. అంత పెద్దమనిషి వచ్చాడని మైకన్న కుర్చీ తుడిచి వేసి, మిషను వెలిగించి, ఇత్తడి మొన ఆయన చేతికిచ్చాడు. ఆ ఉదయం కుర్రాళ్ళు బాగా గట్టి సిగ్నల్ ఒకటి పెట్టి చూస్తూ, అల తెర దాటిపోకుండా సైజు తగ్గించే నాబును పూర్తిగా తిప్పేసి, అట్లాగే వదిలేసి పోయారు. పెదనాయన మొన పట్టుకున్నాడు. తెరమీద తాడు కట్టినట్టు ఒక గీత. నిశ్చలంగా ఉంది. వేళ్ళు మార్చి పట్టుకున్నాడు. గీత. కండువాతో చేయి తుడుచుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. గీతే. ఆయన తలెత్తి మైకన్న మొహంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా మైకన్నకు మాట రాలేదు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అరుగు మీద పెదనాయన లేడు. లోపల పట్టెమంచం మీద, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, దూలం వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. తలాపున దీపం వెలిగించలేదు గానీ తక్కిన హంగులన్నీ ఉన్నాయి.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

"నన్నడగతావేంది? మీ కాలేజీకి పోయొచ్చినాడు. వచ్చినకాణ్ణించి ఇట్టనే పడుకోనుండాడు. గుక్కెడు మజ్జిగ కూడా తాగలా. ప్రాణం అయిపోయిందంట!"

"అయిపోయింది అబ్బయా" అన్నాడు పెదనాయన, దూలం మీద నుంచి చూపు తిప్పకుండా. "కళ్ళారా చూసినా. తోటమాలికి ఉండాది, కాఫీలు కాసేవాడికి ఉండాది. నాకు ల్యా. గీత పడిపోయింది."

సంగతి అర్థమయ్యాక నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మంచం పక్కన కూర్చుని (ఇక్కడే నా విజ్ఞానం నన్ను ముంచింది) వివరంగా చెప్పాను. అది ప్రాణం కాదు పెదనాయనా, గోడల్లో తిరిగే కరెంటు, మన అందరి ఒళ్ళూ రేడియో ఏరియల్‌లాంటివి, కాస్త తగులుతుంటుంది, అంతే అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అందరికీ తగిలే కరెంటు నాకు తగల్లా."

"తగిలింది. మిషనుకు ఒక మీట ఉంది. అది తగ్గించి పెడితే ఎవరికైనా గీతే కనపడుతుంది."

"అందరి ఒళ్ళూ ఏరియల్లే అంటివి. నా ఒళ్ళు కట్టె. కట్టెకు కరెంటు పారదు. ఈ మాత్రం నాకు తెలవదా?"

"అట్టా కాదు పెదనాయనా..."

"గమ్మునుండు నాయనా. నీది మంచి మనసు. నన్ను ఊరడించాలని చూస్తా ఉండావు."

పెద్దమ్మ నా జబ్బ పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది. "నువ్వింకేం చెప్పబాక. నువ్వు చెప్పేకొద్దీ ఆయన కళ్ళు తేలేస్తా ఉండాడు" అన్నది.

ఊరి డాక్టరుగారు వచ్చి గొట్టం పెట్టి చూసి, "రాయిలా ఉన్నారు" అని చెప్పి వెళ్ళారు. "రాయికే గదా ప్రాణం ఉండదు" అన్నాడు పెదనాయన. ఆ మాట నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నిజంగానే ఆయన తిండి మానేశాడు. గంజి పెదాలకు తాకించుకుని పక్కన పెట్టేసేవాడు. పోయేవాడికి రుచులెందుకంటాడు. బంధువులకు కబురు వెళ్ళింది. చిల్లకూరు నుంచి కొందరు, వాకాడు నుంచి కొందరు బండ్లు కట్టుకుని దిగారు. ఆయన ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, ఎడ్లజత ఎవరికి, బావి కింది మడి ఎవరికి, తన బర్మా చేతికర్ర ఎవరికి అని పంచడం మొదలుపెట్టాడు. నన్నూ పిలిచి, "నీ మీద నాకేం కోపం ల్యా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఎందుకంటే వాళ్ళ వాళ్ళందరూ ఆ పని నా వైపు చూపులతో చేస్తున్నారు. నిండుగా ఉండిన బుగ్గలు కళ్ళముందే లోపలికి పోతున్నాయి. నాకు నవ్వు పోయింది. నిద్ర పోయింది. ఉత్త గీతను నమ్మి ఒక మనిషి నిజంగానే పోతాడా అనే ప్రశ్న ఏ టెక్స్టుబుక్కులోనూ లేదు.

మైకన్నను నిలదీశాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేనేమన్లేదు సార్. అమ్మతోడు, నోరే తెరవల్యా" అన్నాడు. "అన్నిరోజులూ అరిచినవాడివి ఆ రోజే నోరు మూయాలా మైకన్నా?" అన్నాను. ప్రిన్సిపాలుగారు పిలిచి, "స్థలం ఇచ్చిన దాత మన ల్యాబ్ చూసి కాలం చేశాడంటే పైవాళ్ళకు ఏమని రాసేది? మీకింకా ఉద్యోగం ఖాయం కూడా కాలేదు" అని, ఆ చివరి ముక్క చాలా నెమ్మదిగా అన్నారు. పెదనాయనను మళ్ళీ ల్యాబుకు తీసుకొచ్చి చూపిద్దామంటే, "నా చావు నేను రెండోసారి చూళ్ళేను" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక మిషనే ఆయన దగ్గరికి వెళ్ళాలి. సర్కారు సొత్తు గడప దాటకూడదని ప్రిన్సిపాలుగారు మొదట గింజుకున్నా, చివరికి "నేను చూళ్ళేదు" అని కిటికీ వైపు తిరిగారు.

అప్పటి ఆసిలోస్కోపు ఇప్పటిలా చంకలో పెట్టుకునేది కాదు. లోపలంతా గాజు వాల్వులు. ఎడ్లబండిలో ఎండుగడ్డి పరిచి, మీద బొంత వేసి, దాన్ని బాలింతరాల్ని ఎక్కించినట్టు ఎక్కించి, నేనూ మైకన్నా చెరోపక్క పట్టుకుని కూర్చున్నాం. గతుకు వచ్చినప్పుడల్లా మైకన్న "మెల్లిగా, మెల్లిగా" అని అరిచేవాడు, ఆ అరుపుకు ఎడ్లు బెదిరి ఇంకా జోరుగా లాగేవి. పెదనాయన ఇంటి వసారాలో ముక్కాలిపీట మీద దాన్ని దించి, ఇంటి కరెంటుకు తగిలించి, వెలిగించి, వాల్వులు వేడెక్కేదాకా అందరం నిలబడ్డాం. బంధుజనం చుట్టూ మూగారు. పెదనాయనను మంచంతో సహా ఎత్తి తెచ్చారు. ఇత్తడి మొన ఆయన చేతిలో పెట్టాను. అల లేచింది. కాలవ పొంగినట్టు నిండుగా, తెర ఈ చివరినుంచి ఆ చివరిదాకా.

నేను విజయగర్వంతో చుట్టూ చూశాను. పెదనాయన మాత్రం అలవైపు కాదు, నా చేతివైపు చూస్తున్నాడు.

"నువ్వు మీట తిప్పినావు గదా అబ్బయా?"

"తిప్పాను. సరిగ్గా పెట్టాలి కదా."

"ఆ పొద్దు మిషను తనంతట తాను చెప్పింది. ఈ పొద్దు నువ్వు చెప్పించినావు" అని మొన నా చేతిలో పెట్టి మళ్ళీ వాలిపోయాడు.

ఎట్లా పెడితే ఎందుకు గీత వస్తుందో నేనే విడమరిచి చెప్పాను, ఆ మాటనే ఆయన నాకు అడ్డం పెట్టాడు. అప్పుడు, ఇంతసేపూ వంటింటి గడపలో నిలబడి చూస్తున్న పెద్దమ్మ చెంగు బిగించి ముందుకొచ్చింది. ఆమె కోపం మొగుడి మీదో, నా మీదో, మిషను మీదో తెలియదు.

"ఏం అబ్బయా, బతికినోళ్ళకి పెట్టి చూపిస్తా ఉండావే, యాడన్నా చచ్చినదానికి పెట్టి చూసినావా?"

"లేదు పెద్దమ్మా."

"మరి చచ్చినదానికి అల లేవదని నీకెట్టా తెలుసు? ఈయనకెట్టా తెలుసు?"

అప్పుడు వెలిగింది నాకు. లేస్తుంది! లేవక ఏం చేస్తుంది? కరెంటు రొదకు బతికినదేమిటి, చచ్చినదేమిటి? పెద్దమ్మ అడిగేదాకా ఆ పని నాకు తట్టలేదు, ఎందుకంటే నేను ఇన్నిరోజులూ నిజం చెప్పడంలోనే మునిగి ఉన్నాను, చూపించడం మరిచిపోయాను. "పెద్దమ్మా, ఇంట్లో చచ్చినదేదైనా ఉందా?" అని అరిచాను. చావింటికి వచ్చినట్టు కూర్చున్న బంధువులు ఈ ప్రశ్నకు ఉలిక్కిపడ్డారు.

ఉంది. అంతమంది బంధువులు దిగితే వాళ్ళకు వండిపెట్టాలి కదా, వాకాడు వైపునుంచి తట్టలో తెచ్చిన వంజరం చేప ఒకటి వంటింట్లో ఉంది. మూరెడు పొడుగు. పెద్దమ్మ దాన్ని తోక పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఎడమచేత్తో తోక పట్టుకుని, కుడిచేత్తో ఇత్తడి మొన దాని నోట్లో దోపాను.

తెరమీద అల ఎగిరింది. అట్లా ఇట్లా కాదు.

బంధువుల్లో ఒకాయన, "అది చేపది కాదబ్బా, పట్టుకోనుండే సారుది" అన్నాడు. న్యాయమైన అభ్యంతరమే. వెంటనే ఇంకో పీట మీద అరిటాకు వేసి, దానిమీద చేపను పడుకోబెట్టి, మొన మాత్రం నోట్లో ఉంచి దూరం జరిగాను. అల కాస్త చిన్నదైంది గానీ పోలేదు. "పెదనాయనా, మీరే తిప్పండి మీట" అన్నాను. ఆయన మోచేతి మీద లేచి, అనుమానంగా చేయి చాపి, నాబు ఒకవైపు తిప్పాడు. అల పొంగింది. ఇంకోవైపు తిప్పాడు. తాడు కట్టినట్టు గీత. మళ్ళీ తిప్పాడు, పొంగింది. చేప ప్రాణం ఆయన చేతిలో పోతోంది, వస్తోంది.

"ఈ చేప చచ్చి ఎంతసేపయింది?" అన్నాడు.

"పొద్దున్నే వలలో చచ్చింది, ఎప్పుడో!" అన్నది పెద్దమ్మ.

పెదనాయన చేపను చూశాడు, తెరను చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఛాతీ మీది చేతులు తీసి మంచం పట్టెల మీద ఊని, కాళ్ళు కిందికి దించాడు. "థూ, దీనెమ్మ! చచ్చిన చేపకు ప్రాణం చూపించే మిషనును నమ్మి నేను ఎడ్లజత పంచిపెడతానా!" అన్నాడు. అనేసి నవ్వడం మొదలుపెట్టాడు. ముందు కండువా అడ్డం పెట్టుకుని, తర్వాత అదీ పడేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ తిట్టింది, తిడుతూ నవ్వింది. ఎడ్లజత తనకొచ్చిందని మురిసిన మేనల్లుడు కూడా, కాస్త ఆలస్యంగానైనా, నవ్వాడు. మైకన్న ఇక ఉండబట్టలేక, ఇన్నాళ్ళూ లోపల అణిచిపెట్టుకున్న గొంతంతా విప్పి, "పెద్దాయనకు ఏమీ ల్యా! నిక్షేపంగా ఉండాడు!" అని వీధి వీధంతా వినపడేటట్టు ప్రకటించాడు. నేను మాత్రం నవ్వలేదు. చేతుల చేపనీళ్ళు రుమాలుతో తుడుచుకుంటూ అరుగు అంచున కూర్చుండిపోయాను.

"ఏమే, ఆ చేపను ఏం చేస్తావు? పారేస్తావా?" అన్నాడు పెదనాయన.

"కరెంటు పెట్టిన చేప గదా" అన్నది పెద్దమ్మ సందేహంగా.

"కరెంటు నాకు కూడా పెట్టినారు, నన్ను పారేస్తివా? మామిడికాయ వేసి పులుసు పెట్టు. బిన్నే కానీ. ఆకలికి ప్రాణం పోతా ఉంది" అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఈసారి ఎవరూ భయపడలేదు.

ఆ మధ్యాహ్నం వసారాలో బారుగా ఆకులు వేసి అందరం కూర్చున్నాం. పెదనాయన ఎన్నో రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు తిన్నాడు. నాకు తలకాయ ముక్క వేయమని ఆయనే చెప్పాడు. "తిను అబ్బయా, నా ప్రాణం నిలబెట్టినావు" అన్నాడు. ప్రాణం తీయబోయింది కూడా నా మిషనేనని ఆయనకు గుర్తుచేయడం నాకు సబబుగా తోచలేదు.

ప్రిన్సిపాలుగారు ఆ సంగతి విని, మిషనుకు చేపవాసన రాకూడదు అని మాత్రం అన్నారు. చాలారోజులు వచ్చింది. ఆ తర్వాత నేను సిగ్నల్స్ పాఠం చెప్పేటప్పుడు, లెక్కలోకి వెళ్ళకముందే ఒక్కొక్క కుర్రాడి చేతా ఇత్తడి మొన పట్టించి, తర్వాత అదే మొనను బెండకాయకూ, చెప్పుకూ, తడిగుడ్డకూ పెట్టించి, "ఇప్పుడు చెప్పండి, ఇందులో సిగ్నల్ ఏది, రొద ఏది?" అని అడిగేవాణ్ణి. ఒక్కడూ రైలు అనలేదు. నా ఉద్యోగం ఖాయమైంది. పెదనాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు, నేను ఆ ఊరు వదిలి వచ్చేశాక కూడా, గట్టిగా బతికాడు. మణికట్టు పట్టుకుని వినడం మానేశాడని పెద్దమ్మ ఒకసారి చెప్పింది. "ఇప్పుడు మోకాళ్ళు పట్టుకోని కూర్చుంటా ఉండాడు" అని కూడా చెప్పింది.

ఈ మధ్య నా వయసు లెక్క చూసుకుంటే, ఆనాటి పెదనాయనకంటే నేనే పెద్దవాణ్ణి. భయపడిన మనిషికి లెక్క చెప్తే ధైర్యం వస్తుందనుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఆ సాయంకాలం బండిలో తిరుగు ప్రయాణం మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పక్కన మైకన్న పాత సినిమా పాటేదో తీస్తున్నాడు, ఎడ్లు ఈసారి బెదరడం లేదు, తూర్పునుంచి ఉప్పుగాలి చల్లగా వీస్తోంది. ఎండుగడ్డి మీద మిషనుకు చేయి ఆనించి, చేతుల చేపవాసనతో, కడుపునిండా పులుసన్నంతో ఒక కుర్రాడు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు. లోకం మొత్తానికి సిగ్నల్స్ పాఠం చెప్పేశాననుకుంటున్నాడు వాడు. పోనీ, అనుకోనీ పాపం. ఎవరూ పోలేదు, ఉద్యోగం ఉంది, ఒక్క వాల్వు కూడా పగల్లేదు. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న సాయంకాలాలు ఆ తర్వాత నాకు ఎన్నో రాలేదు.